పశువు నెమరు – మనిషి ప్రేగు
పీచు పదార్థము చేయు మేలు

గత వేసవిలో మేము గురజాల ప్రాంతమున ఒక గ్రామమునకు పోయి యుంటిమి. అంతకు ముందుదినముననే ఆ యూర ఒక వివాహము జరిగినది. విందు ముగిసిన పిమ్మట రెండు గుండిగల అన్నము మిగిలిపోయెను. పారవేయుటకు మనసొప్పక, ఇంటివారు దానిని తమ రెండు పాడిగేదెలకు తొట్టిలో పోసిరి. అవి ఆవురావురుమని తినివేసినవి. తెల్లవారునప్పటికి రెండును నెమరు మానివేసినవి. ఎడమ డొక్క ఉబ్బినది. పుల్లని వాసనతో పేడ నీరుగా పోవుచున్నది. పశువైద్యుడు వచ్చు సరికి ఒక గేదె లేవలేని స్థితిలో నుండెను. సాయంకాలమునకు అది చనిపోయినది. రెండవది చికిత్సతో బ్రతికినది.

చుట్టును చేరిన వారిలో కొందరు దిష్టి తగిలినదనిరి. కొందరు ఎవరో విషము పెట్టిరనిరి. ఆ యింటి ముసలమ్మ మాత్రము కన్నీరు తుడుచుకొనుచు మమ్ములను ఒక ప్రశ్న అడిగినది: “గడ్డి తినే నోటికి కడుపునిండా అన్నం పెట్టాం, అంతేగదయ్యా. అన్నం కూడా విషమవుతుందా?”

ఆ ప్రశ్నకు సమాధానమే ఈ వ్యాసము. పశువు కడుపున ఏమి జరుగుచున్నదో తెలిసికొన్నచో, మన కడుపున ఏమి జరుగుచున్నదో కూడ తెలియును. రెండింటికిని మూలము ఒక్కటే. అదియే మనము పిప్పి యని, పొట్టు అని, చెత్త యని తీసివేయుచున్న పీచు పదార్థము.

నాలుగు అరల పొట్ట

ఆవు, గేదె, గొర్రె, మేక – ఇవి నెమరువేయు జంతువులు. వీని పొట్ట నాలుగు అరలుగా నుండును. మొదటి అర అన్నిటికంటె పెద్దది. పెద్ద పశువులో అది నూరు లీటర్లకు పైగా పట్టును. దీనినే పెద్ద పొట్ట యందురు. రెండవ అర లోపలి గోడ తేనెపట్టు వలె నుండును. మూడవ దానిలో పుస్తకపు పుటల వంటి పొరలు గలవు. నాలుగవదియే మన జీర్ణకోశమును పోలిన అసలైన జీర్ణాశయము.

గడ్డిలోను, చొప్పలోను ఉన్న ముఖ్యపదార్థము సెల్యులోజు అను పీచు. దీనిని జీర్ణము చేయు రసము ఏ ఆవునకును లేదు, ఏ మనిషికిని లేదు. అట్లయినచో పశువు గడ్డి తిని ఎట్లు బ్రతుకుచున్నది? పెద్ద పొట్టలో కంటికి కనబడని సూక్ష్మజీవులు కోట్లకొలది కాపురమున్నవి. పశువు గడ్డిని మ్రింగి వానికి అందించును. అవి ఆ పీచును పులియబెట్టి, అసిటిక్, ప్రొపియోనిక్, బ్యుటిరిక్ అను మూడు ఆమ్లములుగా మార్చును. ఆ ఆమ్లములే పొట్ట గోడ ద్వారా రక్తములో చేరి పశువునకు శక్తి నిచ్చును. పశువునకు కావలసిన శక్తిలో అధికభాగము, ఇంచుమించు మూడింట రెండు వంతులు, ఈ మార్గముననే లభించును. ఆ సూక్ష్మజీవులు సైతము క్రమముగా క్రిందికి జారి నాలుగవ అరలో జీర్ణమై, పశువునకు మాంసకృత్తులుగా ఉపయోగపడును. కావున రైతు మేపునది పశువును మాత్రమే కాదు. దాని పొట్టలోని ఆ సూక్ష్మజీవుల మందను కూడ మేపుచున్నాడు.

ఆ మంద సుఖముగా నుండవలెనన్న, పొట్టలో పులుపు హెచ్చరాదు. దీనికి ప్రకృతి చేసిన యేర్పాటు నెమరు. పీచు గల మేత తిన్న పశువు దినమునకు 6 మొదలు 8 గంటల కాలము నెమరువేయును. నమలుచున్నంత సేపు నోట లాలాజలము ఊరును. ఆ లాలాజలములో సోడా గుణము గలదు. అది పొట్టలోనికి పోయి పులుపును విరుచుచుండును. నిడుపాటి చొప్ప, గడ్డి లేనిచో నెమరు లేదు. నెమరు లేనిచో లాలాజలము చాలదు. లాలాజలము చాలనిచో పులుపు హెచ్చును.

అన్నము విషమెట్లయ్యెను?

ఇప్పుడు ముసలమ్మ ప్రశ్నకు వత్తము. తెల్లని అన్నములో పీచు బహు స్వల్పము, పిండిపదార్థమే అధికము. వండిన పిండిపదార్థము అతి త్వరగా పులియును. అలవాటు లేని పశువునకు ఒక్కసారిగా గుండిగెడు అన్నము పెట్టినప్పుడు, పిండిని తిను సూక్ష్మజీవులు ఉన్నట్టుండి విజృంభించి లాక్టిక్ ఆమ్లమును కుప్పలుగా తయారుచేయును. పెరుగు పులియుటకు కారణమైన ఆమ్లమే ఇది. పులుపు మితిమీరగా, పీచును జీర్ణము చేయు సూక్ష్మజీవులు చచ్చిపోవును. పొట్ట కదలిక నిలిచిపోవును. శరీరములోని నీరు పొట్టలోనికి లాగబడి పశువు ఎండిపోవును. ఆమ్లము రక్తములో చేరి, ఒకటి రెండు దినములలో ప్రాణము తీయును. అన్నము విషము కాదు. కాని పీచు తిను మందకు పిండి కుప్పను పెట్టుట విషముతో సమానమగును.

ఇది విందు అన్నమునకు మాత్రమే పరిమితము కాదు. కట్టు త్రెంచుకొని జొన్నల రాశిపై, మొక్కజొన్న రాశిపై పడిన ఎద్దునకును ఇదియే గతి. కోతలైన పొలములో రాలిన గింజలను మితిమీరి తిన్న గొర్రెలకును ఇదియే గతి. మాచర్ల పేరుతోనే ఒక గొర్రె జాతి గల ప్రాంతము మనది. కాపరులు దీనిని ముఖ్యముగా గమనింపవలెను. తొలకరిలో లేత పచ్చికను గొర్రెలు ఆబగా మేసినప్పుడు వచ్చు చిటుక రోగము కూడ ఇట్టి కడుపు తారుమారు వలననే ప్రబలును. మేత ఒక్కసారిగా మారగా ప్రేగులలోని ఒక సూక్ష్మజీవి విపరీతముగా పెరిగి విషమును చిమ్మును. దీనికి వానలకు ముందే టీకా వేయించుట మంచిది. లేత పచ్చికకు తోలుటకు ముందు కొంత ఎండుమేత పెట్టుట ఇంకను మంచిది.

పశువు గింజలు గాని అన్నము గాని అధికముగా తిన్నదని తెలిసినచో, నెమరు ఆగు వరకు వేచియుండరాదు. మిగిలిన దానిని వెంటనే తీసివేసి, పశువైద్యునికి కబురంపవలెను. సంచార పశువైద్య వాహనమునకై 1962 నంబరునకు ఫోను చేయవచ్చును. వంటసోడా వంటివి ఎంత ఇవ్వవలెనో వైద్యుడే నిర్ణయింపవలెను. తల పైకెత్తి గొట్టముతో బలవంతముగా నూనెలు, కషాయములు పోయుట ప్రమాదకరము. అవి ఊపిరితిత్తులలోనికి పోయి మరియొక ఆపద తెచ్చును.

వెన్న చొప్పలో నున్నది

పాల కేంద్రములో వెన్న శాతమును బట్టి ధర కట్టుదురని పాడిరైతులకు తెలియును. వెన్న తగ్గినప్పుడు దాణా పెంచుదురు. అయినను వెన్న పెరుగదు. ఒక్కొక్కప్పుడు ఇంకను తగ్గును. కారణ మేమనగా, పాలలోని వెన్న తయారగుటకు ముఖ్యాధారము పైన చెప్పిన అసిటిక్ ఆమ్లము. అది పీచు నుండి వచ్చునది. చొప్ప తగ్గించి దాణా పెంచినచో ఆ ఆమ్లము తగ్గి, వెన్నయు తగ్గును. పశువు తిను మేతలో, ఎండిన బరువున లెక్కించినచో, సుమారు మూడింట రెండు వంతులు గడ్డి, చొప్ప, పచ్చిమేతయు, ఒక వంతు దాణాయు ఉండుట మేలైన పద్ధతి. ఏ క్రొత్త మేతనైనను ఒక వారము పది దినములలో కొద్దికొద్దిగా అలవాటు చేయవలెను.

పీచున్నంత మాత్రమున ప్రతి మేతయు సమానము కాదు. వరిగడ్డిలో పీచు అధికము. కాని మాంసకృత్తులు మిక్కిలి తక్కువ. దానితోనే పెంచిన పశువు బక్కచిక్కును. జొన్నచొప్ప అంతకంటె మేలు. వరి కోసిన పొలములో జనుము, పిల్లిపెసర చల్లుకొనుట మన జిల్లాల పాత అలవాటు. అది నేలకు బలము, పశువునకు పుష్టి. వరిగడ్డినే బలపరచు పద్ధతి యొకటి గలదు. 100 కిలోల ఎండుగడ్డికి 4 కిలోల యూరియాను 50 లీటర్ల నీటిలో పూర్తిగా కరిగించి, పొరలు పొరలుగా చల్లి, గాలి చొరకుండ కప్పి మూడు వారములుంచి, పిమ్మట కొంతసేపు ఆరబెట్టి మేపుట. దీనిని పశువైద్య సిబ్బంది దగ్గరనుండి చూపగా మాత్రమే చేయవలెను. ఆరునెలల లోపు దూడలకు పెట్టరాదు. యూరియా నీటిని పశువు త్రాగినచో ప్రాణహాని. లేత జొన్నపైరును, బెట్టకు వాడిన జొన్నపైరును మేపుట కూడ ప్రమాదమని రైతులకు క్రొత్తగా చెప్పనక్కరలేదు.

మన ప్రేగులలోని మంద

మనిషికి నాలుగు అరల పొట్ట లేదు, మనము నెమరువేయము. కాని మన పెద్దప్రేగులోను సూక్ష్మజీవుల మంద యొకటి కాపురమున్నది. మనము తిన్న అన్నములోని పిండి, చక్కెర, నూనె, మాంసకృత్తులు చాలవరకు చిన్నప్రేగులోనే జీర్ణమై రక్తములో చేరిపోవును. పెద్దప్రేగు వరకు చేరునది ముఖ్యముగా పీచు. అక్కడ ఆ సూక్ష్మజీవులు దానిలో కొంత భాగమును పులియబెట్టి, గేదె పొట్టలో తయారగు ఆ మూడు ఆమ్లములనే తయారుచేయును. వానిలో బ్యుటిరిక్ ఆమ్లము పెద్దప్రేగు గోడలోని కణములకు ముఖ్యాహారము. గేదె బ్రతుకంతయు ఈ పులియుట మీదనే ఆధారపడి యుండగా, మనకు దీని వలన కలుగు శక్తి కొద్దిపాటిది. కాని ప్రేగు ఆరోగ్యమునకు అది అత్యవసరము.

పీచు రెండు విధములు. నీటిలో నాని జిగురుగా మారునది ఒకటి. పప్పులు, పండ్లు, మెంతులు దీనికి ఉదాహరణములు. ఇది చక్కెర రక్తములో చేరు వేగమును తగ్గించును. క్రొవ్వును కొంత అదుపులో నుంచును. నీటిలో కరగనిది రెండవది; ధాన్యపు పై పొర, ఆకుకూరల ఈనెలు ఇందుకు ఉదాహరణములు. ఇది మలమునకు బరువు, మెత్తదనము కలిగించి, సులభముగా వెడలునట్లు చేయును. మలబద్ధము, దాని వలన వచ్చు మొలలు మున్నగు బాధలు తగ్గుటకు ఇదియే సాధనము.

బర్కిట్ అను ఐరిష్ శస్త్రవైద్యుడు ఉగాండా దేశమున చాలకాలము పనిచేసెను. అక్కడి పల్లెవాసులలో మలబద్ధము, పెద్దప్రేగు వ్యాధులు అరుదుగా నుండుటయు, ఇంగ్లండులో అవి సర్వసాధారణముగా నుండుటయు అతనికి ఆశ్చర్యము కలిగించెను. అతడు తన సహచరులతో 1972లో ప్రకటించిన పరిశోధనలో, ముతక ఆహారము తిను పల్లెవాసులలో భోజనము ప్రేగులగుండ త్వరగా సాగిపోవుననియు, మెత్తని ఆహారము తిను ఇంగ్లండు వారిలో అందుకు రెట్టింపునకు మించిన కాలము పట్టుననియు తెలిపెను. ఇరు దేశముల జీవనములోను వేరు భేదములు అనేకము గలవు గనుక, అతడు చెప్పినదంతయు యథాతథముగా నిలువలేదు. అయినను ముఖ్యవిషయము నిలిచినది. 2019లో లాన్సెట్ పత్రికలో వెలువడిన విస్తృత పరిశీలనలో, దినమునకు 25 మొదలు 29 గ్రాముల పీచు తినువారిలో గుండెజబ్బు, మధుమేహము, పెద్దప్రేగు క్యాన్సరు తక్కువగా కనబడినవి.

జొన్నకూటి కథ

పల్నాటి జొన్నకూటిని వెక్కిరించు చాటువులు శ్రీనాథ మహాకవి పేర ప్రచారములో గలవు. సన్నన్నమునకు అలవాటుపడిన కవిసార్వభౌమునికి మన సంగటి రుచింపకపోవుటలో వింత లేదు. కాని ఆ జొన్నయే శతాబ్దముల కాలము పల్నాటి మెట్టపొలములను, పల్నాటి మనుషులను, ఎద్దులను కూడ నిలబెట్టినది. గింజ మనిషికి, చొప్ప పశువునకు.

1955 డిసెంబరు 10వ తేదీన నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగినది. 1967 ఆగస్టు 4వ తేదీన కాలువలకు నీరు విడువబడినది. కుడికాలువ వెంట మెట్ట మాగాణి యయ్యెను. కరవు భయము తగ్గి, వరియన్నము పేదవాని కంచములోనికి వచ్చినది. ఇది గొప్ప మేలు. దీనిని ఎవరును కాదనరాదు. అయితే దానితోపాటు ఒక మార్పు చప్పుడు లేక జరిగిపోయినది. దంపుడు బియ్యము పోయి మరపట్టిన తెల్లబియ్యము వచ్చినది. జొన్న, సజ్జ, కొఱ్ఱ వెనుకబడినవి. బియ్యపు పై పొరలోని పీచు, విటమినులు తవుడుగా గేదె తొట్టిలోనికి పోవుచున్నవి. మిగిలిన పిండి మన కంచములోనికి వచ్చుచున్నది. గేదె మనకంటె తెలివైన భోజనము చేయుచున్నదన్న మాట!

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రకటించిన ఆహార పట్టికల ప్రకారము, 100 గ్రాముల తెల్లబియ్యములో పీచు 3 గ్రాములకు లోపు. జొన్నలో సుమారు 10 గ్రాములు. సజ్జలలోను, రాగులలోను సుమారు 11 గ్రాములు. కందిపప్పులో సుమారు 9 గ్రాములు. పొట్టుతో కూడిన శనగలలో సుమారు 25 గ్రాములు. పెద్దవారు దినమునకు కనీసము 25 గ్రాముల పీచు తినవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా.

ఈ లెక్క వేసి చూడుడు. దినమునకు 300 గ్రాముల తెల్లబియ్యము మాత్రమే తినువానికి ధాన్యము నుండి లభించు పీచు 8 గ్రాములు. అందులో సగము తీసి జొన్నరొట్టెగా గాని సంగటిగా గాని మార్చుకొన్నచో అది 19 గ్రాములకు చేరును. దానికి పిడికెడు కందిపప్పు, గోంగూర గాని తోటకూర గాని, ఒక జామపండు చేర్చినచో 25 దాటును. దీనికి పట్టణపు అంగడిలో డబ్బాల మందు కొననక్కరలేదు. వరిని విడువనక్కరయు లేదు. సగము చోటు జొన్నకు తిరిగి ఇచ్చిన చాలును.

గమనింపదగిన జాగ్రత్తలు

జొన్న మంచిదనుట వలన జొన్నయే చాలునని భావింపరాదు. దక్కను ప్రాంతమున జొన్నయే ఏకైక ఆహారముగా గల పేదలలో పెల్లాగ్రా అను చర్మవ్యాధి కనబడినది. హైదరాబాదు శాస్త్రజ్ఞులు గోపాలన్, శ్రీకంఠయ్య 1960లో దీనిని గూర్చి పరిశోధన ప్రకటించిరి. పప్పు, పాలు, ఆకుకూర తోడైన జొన్నకూటికి ఆ భయము లేదు.

పీచును, పశువునకు వలెనే మనిషికిని క్రమక్రమముగా పెంచవలెను. ఒక్కసారిగా పెంచినచో కడుపుబ్బరము, నొప్పి కలుగును. పీచు తిన్నవారు నీరు బాగుగా త్రాగవలెను. లేనిచో మలబద్ధము హెచ్చును. పసిపిల్లల చిన్నకడుపును ముతక ఆహారముతో నింపినచో వారికి శక్తి చాలదు. వారికి మెత్తని, పుష్టికరమైన ఆహారమే ముఖ్యము. ఇదే న్యాయము దూడకును వర్తించును. పుట్టిన దూడకు పెద్ద పొట్ట ఇంకను ఎదిగి యుండదు. జున్నుపాలు, పాలు దాని ఆహారము. రెండవ వారము నుండి లేతగడ్డి రుచి చూపినచో పొట్ట క్రమముగా ఎదుగును. ప్రేగులకు శస్త్రచికిత్స జరిగినవారు, మూత్రపిండముల వ్యాధి గలవారు వైద్యుని అడిగి మాత్రమే ఆహారము మార్చుకొనవలెను. మలములో రక్తము కనబడినచో మొలలే యని ఊరకుండక పరీక్ష చేయించుకొనవలెను.

పంచాయతీ చేయదగిన పనులు

2022 ఏప్రిల్ 4వ తేదీన నరసరావుపేట ముఖ్యపట్టణముగా పల్నాడు జిల్లా ఏర్పడినది. జిల్లా క్రొత్తది, గ్రామములు పాతవి. గ్రామపు తిండిని గూర్చి, మేతను గూర్చి ఆలోచించుట పంచాయతీ పనియే. మేము కొన్ని సూచనలు చేయుచున్నాము.

మొదటిది: పెండ్లిండ్లు, తిరునాళ్లు జరుగునప్పుడు మిగిలిన అన్నమును పశువులకు పోయరాదని దండోరా వేయించవలెను. వేడిగా నున్నప్పుడే దానిని అవసరమున్న వారికి పంచుట ఉత్తమము. మిగిలినది ఎరువుగుంటలో పూడ్చుట మేలు. వంటవారికి సైతము ఈ సంగతి చెప్పవలెను.

రెండవది: కోతల కాలమున గడ్డిని పొలముననే తగులబెట్టు అలవాటును మాన్పింపవలెను. నిప్పుపెట్టిన గడ్డి వేసవిలో కొనవలసిన గడ్డి యని రైతులకు లెక్క చూపవలెను.

మూడవది: గ్రామపు ఉమ్మడి భూమిలో కొంత భాగమును పచ్చిమేతకు కేటాయించుట, చొప్ప నరుకు యంత్రమును నలుగురు కలిసి వాడుకొనునట్లు చేయుట.

నాలుగవది: గొర్రెలకు చిటుక రోగపు టీకా వానలకు ముందే మంద మందకును వేయించు బాధ్యతను ఒక సభ్యుడు స్వీకరించుట.

ఐదవది: బడిలోను, అంగన్‌వాడీలోను పిల్లల కంచము చూచుట. 2023 మార్చిలో మన రాష్ట్రమున బడిపిల్లలకు రాగిజావ ఇచ్చు కార్యక్రమము ప్రారంభమయ్యెను. ఆ యేడే చిరుధాన్యముల అంతర్జాతీయ సంవత్సరముగా ఐక్యరాజ్యసమితి ప్రకటించినది. ఇట్టి కార్యక్రమములు కాగితముపై నిలువక, ఆకుకూరతో, పప్పుతో, చిరుధాన్యముతో పిల్లల నోటికి అందుచున్నవా యని చూడగలవారు మీరే.

మేము ఆ గ్రామమును విడుచునప్పుడు బ్రతికిన గేదె కొష్టమున పడుకొని మెల్లగా దవడ ఆడించుచుండెను. ముసలమ్మ దాని ముందు జొన్నచొప్ప వేసి, “నెమరేస్తందయ్యా, ఇక భయం లేదు” అనినది. ఆమెకు శాస్త్రము తెలియదు. గుర్తు మాత్రము తప్పలేదు. నెమరువేయు గేదె, కడుపు సుఖముగా నున్న మనిషి – ఈ రెండును ఉన్న యిల్లు ఆరోగ్యమైన యిల్లు. అట్టి యిండ్లు గల ఊరే ఆరోగ్యమైన ఊరు. అందులకు ఎక్కువ ధనము అక్కరలేదు. మనము పారవేయుచున్న దానిని మరల గౌరవించిన చాలును.